సూట్‌కేసు, స్వెట్టరు, సిస్టర్‌గారి కోడి

మిష్రిఫ్,
శుక్రవారం మధ్యాహ్నం.

మరియతల్లి నీడలో చల్లగా ఉండవలసిన నా మేనల్లుడు జోజప్పకు, నీ మేనత్త ఆరోగ్యమ్మ దీవించి రాసేది ఏమంటే,

ఇక్కడ నేను క్షేమం. నువ్వు అక్కడ క్షేమమో కాదో తెలియకే ఈ ఉత్తరం. ఇద్దరమూ కువైట్‌లోనే ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. మీ మిషన్ వాళ్ళు ఆదివారం దాకా నీ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నేనేమో ఈ ఇంట్లో ఫోన్ పట్టుకుని గొంతు పెంచితే మేడ మీద నుంచి మామా, అదే మా యజమానురాలు, దిగివస్తుంది. ఇది గొంతు పెంచకుండా చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం. మా డ్రైవర్ మెహతాబ్ పిల్లల్ని హవల్లీ స్కూల్లో దింపి, మీ గేటు దగ్గర ఇచ్చిపోతాడు.

పోయిన వారం మెహతాబ్ నిన్ను చూశాడట. మెట్ల మీద పుస్తకం పట్టుకుని నీలో నువ్వే గొణుక్కుంటున్నావట. "ఆరోగ్యమ్మా, మీ పిల్లగాడు ఇటలీ భాష నేర్చుకుంటుండు, తెల్సా?" అన్నాడు. నా చేతిలోని ఖుబూస్ రొట్టెల పళ్ళెం జారి కింద పడింది.

నువ్వు వచ్చింది ఏడాది పాటు మిషన్ సేవ చేయడానికి. క్యాంపుల్లో కూలీలకు అన్నం పొట్లాలు పంచడానికి, ఆస్పత్రుల్లో ఉన్న మనవాళ్ళను పలకరించడానికి. దానికి తెలుగు చాలు, కాస్త హిందీ చాలు. ఇటలీ భాష ఎవరికి కావాలి? రోముకు పోయేవాడికి. రోముకు ఎవడు పోతాడు? చర్చిలో స్వామి కాబోయేవాడు. స్వామి అయినవాడు పెళ్ళి చేసుకోడు. మరి నా కూతురు సుధారాణి సంగతేమిటి? దాని జ్ఞానస్నానం రోజునే అది నీకని మీ నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు కదా. మా అన్న ఇన్నాసప్ప కోపం నీకు తెలియనిదా? పెళ్ళి విందులో తన విస్తట్లో మూలుగ ఎముక పడలేదని సొంత బావమరిదితో ఈనాటికీ మాట్లాడడు.

కాబట్టి దాపరికం లేకుండా రాయి. నువ్వు స్వామివి కాబోతున్నావా? అయితే ఎప్పుడు? నాకు ఖాయంగా తెలియాలి.

జవాబు వచ్చేదాకా నిద్రపోని
అత్త ఆరోగ్యమ్మ.

తా.క. నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. మీ స్వాములకు చూపించకు. పోయినసారి రుచి చూడమంటే సీసా అడుగు చూశారు.

*

హవల్లీ,
మంగళవారం.

ప్రియమైన అత్తకు, మేనల్లుడు జోజప్ప వందనాలు చెప్పి రాసేది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మళ్ళీ చదివి భయపడ్డాను. అసలు సంగతి విను.

మా మిషన్ ఇంట్లో సిస్టర్ ఆస్సుంతా అని ఒక పెద్దావిడ ఉన్నారు. ఇటలీలో పుట్టి, వయసులో ఉండగానే నర్సుగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే ముసలివారయ్యారు. ఇంగ్లీషు, అరబ్బీ గడగడా మాట్లాడేవారట. ఇప్పుడు జ్ఞాపకం జారిపోతోంది. తర్వాత నేర్చుకున్న భాషలన్నీ పోయి, తల్లి దగ్గర నేర్చింది ఒక్కటే మిగిలింది. దాహమేస్తోందని అడిగినా ఈ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. అందుకని పెద్దస్వామి నాకొక పుస్తకం కొనిచ్చి, "కుర్రవాడివి, నీకే తొందరగా వస్తుంది, నేర్చుకో" అన్నారు.

నా ఇటలీ భాష ఎంతో కూడా చెబుతాను. ఆవిడ మాట్లాడేదంతా వాళ్ళమ్మ పెంచిన ఒక తెల్లకోడి గురించి. పొద్దున్నే "కోడి గుడ్డు పెట్టిందా?" అంటారు. పెట్టిందంటాను. ఎక్కడ అంటారు. గడ్డివామి కింద అంటాను. సంతోషపడి సూప్ తాగుతారు. మొదటి రోజు నేను నిజాయితీగా "ఇక్కడ కోడి లేదు సిస్టర్" అన్నాను. ఆ పూట ఆవిడ మెతుకు ముట్టలేదు. ఇప్పుడు నన్ను తీసుకుపోయి రోములో దించితే బస్టాండుకు దారి అడగలేను. కోడి గుడ్డు పెట్టిందా అని మాత్రం ఏ ఇంటి తలుపైనా తట్టి అడగగలను.

నాన్న తీసుకున్న మాట నేను మరిచిపోలేదు. నువ్వు ఆరోగ్యం చూసుకో. పేరులో ఉంటే సరిపోదు.

నీ అన్న కొడుకు
జోజప్ప.

తా.క. ఊరగాయ వాసనకు సిస్టర్ తామే చెయ్యి చాచారు. కొంచెం నాలుక మీద పెట్టాను. కళ్ళు తుడుచుకుని ఏదో ఒక మాట అన్నారు. పుస్తకమంతా వెతికాను, అది అందులో లేదు. మిషన్ వాళ్ళ పుస్తకం కదా, ఉండదు.

*

మిష్రిఫ్,
మళ్ళీ శుక్రవారం.

అత్తకు కథలు చెప్పగలిగేంత ఎదిగిన మేనల్లుడికి ఆరోగ్యమ్మ దీవెనలు.

కోడి కథ చదివాను. బాగుంది. మీ క్యాంపుల్లో ఎవరికైనా నిద్ర పట్టకపోతే చెప్పు.

ఏందిరా, నన్ను నిన్నో మొన్నో విమానం దిగినదాన్ని అనుకున్నావా? ఈ దేశంలో వంట చేసి చేసి నా జుట్టు నెరిసింది. నేను అరబ్బీ ఎట్లా నేర్చుకున్నాను? తిట్లు తిని నేర్చుకున్నాను. ఉప్పు తెమ్మంటే చక్కెర తీసుకుపోయి నేర్చుకున్నాను. నాకు ఎవరూ పుస్తకం కొనివ్వలేదు. గల్ఫులో ఎవరైనా చేతి డబ్బు పెట్టి నీకు భాష పుస్తకం కొనిచ్చారంటే, వెనకాలే టికెట్టు కూడా కొంటారన్నమాట. ఎదురింట్లో పనిచేసే జీనత్‌కు వాళ్ళ మామా ఇంగ్లీషు పుస్తకం కొనిచ్చింది. ఎండలు ముదిరాయో లేదో, పిల్లల్ని చూసుకోవడానికి దాన్ని లండన్ తీసుకుపోయింది. ముసలమ్మకు మంచినీళ్ళు ఇవ్వడానికి ఎవరైనా ఒక దేశం భాష నేర్పిస్తారా?

పోయేవాడివి పోతానని చెప్పు చాలు. నేనేమీ అడ్డం పడను. ఇదిగో, సూట్‌కేసు పంపుతున్నాను. చక్రాలు బాగున్నాయి, తాళం మాత్రం గుద్దితేనే పడుతుంది. లోపల ఉన్ని స్వెట్టర్ ఉంది. ఇటలీలో చలి ఎక్కువట.

ఇంకో రెండు సంగతులు రాయి. నువ్వు స్వామివి కావడానికి పోతే మన బద్వేలు గుడిలో పూజ అయ్యాక మైకులో చెబుతారా? మీ నాన్నకు బిషప్‌గారు తామే చెబుతారా, మనమే చెప్పుకోవాలా? బిషప్‌గారు చెబితేనే మేలు. ఆయన ముందు మా అన్న నోరెత్తడు.

నీ ప్రయాణం తేదీ కోసం చూసే
అత్త ఆరోగ్యమ్మ.

తా.క. ఇందాక వంటింట్లో నిన్ను తలుచుకుని ఏడుస్తుంటే మామా చూసింది. ఉల్లిపాయల ఘాటు మామా అన్నాను. పొయ్యి మీద పాయసం ఉంది, ఉల్లిపాయలు ఎక్కడివి అంది. సగం చెప్పాను. మేనల్లుడు, చర్చి, ఇటలీ. మిగతా సగం వినకుండానే "ఖలాస్ ఆరోగ్యా, నాకు వదిలెయ్యి" అని బురఖాలాంటి ఆ నల్ల అబాయా తగిలించుకుని బయలుదేరింది. ఎక్కడికో నాకు చెప్పలేదు.

*

హవల్లీ,
గురువారం.

నన్ను ఈ దేశంలో నిలవనిచ్చేలా లేని అత్తకు జోజప్ప వందనాలు.

నీ సూట్‌కేసు అందింది. బయట ఎండకు చెప్పుల అడుగులు మెత్తబడుతుంటే నాకు ఉన్ని స్వెట్టర్ పంపి వెక్కిరిస్తావా? సరే, నీ కోపం నాకు అర్థమైంది. కానీ మీ మామాను పంపడం మాత్రం చాలా అన్యాయం.

ముందు మెహతాబ్ ఖర్జూరాల పెట్టెతో వచ్చాడు, వెనకాలే ఆవిడ. నేరుగా పెద్దస్వామి ఎదుట కూర్చుని, "ఈ అబ్బాయిని నాకివ్వు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం నా పేరు మీదికి మార్పించుకుంటాను. నా దగ్గర డ్రైవరుగా ఉంటాడు. వాళ్ళ అత్త నా వంటింట్లో ఏడవకూడదు, పాయసం ఉప్పగా అయింది" అంది.

ఆవిడను వరండాలో కూర్చోబెట్టి, పెద్దస్వామి నన్ను లోపలికి పిలిచారు. "ఇక్కడి సేవ నచ్చకపోతే నాతో చెప్పాలి గానీ, చాటుగా వేరే ఇంట్లో పని వెతుక్కుంటావా జోజప్పా?" అన్నారు. అత్తా, నాకు కారు నడపడమే రాదు! సేవకని వచ్చి, జీతం ఎక్కువని గోడ దూకినవాడనే పేరు వస్తే మన ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరగను? పెట్టె సర్దుకోమంటారేమోనని వణికిపోయాను. నీ దయవల్ల పెట్టె కూడా సిద్ధంగా ఉంది.

కాపాడింది సిస్టర్ ఆస్సుంతా. వరండాలో ఆవిడ మీ మామాను చూసి తమ చెల్లెలనుకున్నారు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, కోడి గుడ్డు పెట్టిందా అని అడిగారు. నేను పరుగెత్తుకెళ్ళి, నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో ఆ ప్రశ్న మీ మామాకు చెప్పాను. ఆవిడ నా ముఖం చూసింది, సిస్టర్ ముఖం చూసింది. "రెండు పెట్టిందని చెప్పు" అంది. చెప్పాను. సిస్టర్ ఎంత సంతోషపడ్డారో! మీ మామా చాలాసేపు ఆ చెయ్యి వదలలేదు. లేచి వెళ్తూ పెద్దస్వామితో, "మా అమ్మ కూడా చివర్లో ఇలాగే ఉండేది. ఈ అబ్బాయిని ఎవరికీ ఇవ్వకు" అని చెప్పిపోయింది.

పెద్దస్వామి నన్ను నమ్మారు. ఇక నువ్వు కూడా నమ్ము. నీ కన్నీళ్ళు చూస్తూ ఊరుకోలేను. నాన్న మాట దాటను. ఏడాది కాగానే వచ్చి సుధను పెళ్ళి చేసుకుంటాను. ఇదే మాట నాన్నకు కాగితం మీద రాసి పెట్టాను. ఆదివారం ఫోన్ చేతికి రాగానే ఫోటో తీసి పంపుతాను. ఇక ఏడవకు.

మాట మీద నిలబడే
జోజప్ప.

తా.క. సూట్‌కేసు మెహతాబ్ చేతే తిప్పి పంపుతున్నాను. నాకు అక్కర్లేదు. స్వెట్టర్ సిస్టర్‌కు తొడిగాను. ఆవిడ గదిలో ఏసీ చలి ఎక్కువ.

*

మిష్రిఫ్,
శనివారం, వంటింట్లో నిలబడి.

జోజీ, దీవెనలు తర్వాత. ఆ కాగితం మీ నాన్నకు పంపకు! దేవుడి తోడు, పంపకు!

ఎట్లా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగాను. మన గుడిలో కీబోర్డు వాయించే మరియదాసు లేడూ, సుధకు ఆ పిల్లవాడంటే ఇష్టం. ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలం మొదలవకముందే నాకు ఫోన్లో చెప్పింది. "అమ్మా, జోజి బావ మంచోడే. కానీ నాకు అన్న మాదిరి అనిపిస్తాడు, నేనేం చేసేది?" అని ఒకటే ఏడుపు. సరేనందామంటే మీ నాన్న ఉన్నాడు. నేను మాట తప్పితే జన్మలో నా గడప తొక్కడు. పుట్టింటి వైపు నాకు మిగిలింది ఆ ఒక్క అన్నే కదరా.

అప్పుడు మెహతాబ్ వచ్చి ఇటలీ భాష అన్నాడు. ఆ పళ్ళెం సంతోషంతో పడింది నాయనా! నువ్వు స్వామివైతే మాట తప్పింది ఎవరూ కాదు. దేవుడు అడిగాడు, ఇచ్చాము, అంతే. ఇంటికి గౌరవం కూడా. అందుకే తేదీ అడిగాను, బిషప్‌గారిని అడిగాను. ఆ సూట్‌కేసు వెక్కిరింత కాదు, నా ప్రార్థన. పాయసం దగ్గర ఎందుకు ఏడ్చానంటే, నీ కోడి కథ నిజమేనేమోనని భయం వేసి.

కానీ ఒక మాట. నీ మనసులో సుధ ఉంటే చెప్పు. నువ్వు కూడా నా బిడ్డవే. నీ మనసు విరిచి దాని పెళ్ళి చేస్తే నాకు అన్నం దిగదు. ఉన్నది ఉన్నట్టు రాయి, ఏదైనా తట్టుకుంటాను.

నీ జవాబుకు వణుకుతున్న
అత్త.

తా.క. మామా రోజూ పొద్దున్నే నన్ను కోడి సంగతి అడుగుతోంది. ఏమి చెప్పాలో రాసి పంపు.

*

హవల్లీ,
ఆదివారం సాయంత్రం.

నా బంగారు అత్తకు, జోజప్ప వెయ్యి వందనాలు.

ఫోన్ చేతిలోనే ఉంది. అయినా ఇది కాగితం మీదే చెప్పాలనిపించింది. ఫోన్లో అయితే నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నీకు తెలిసేది కాదు.

నాన్నకు ఆ కాగితం పంపలేదు. రాసిన రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కదా, రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం రాకముందు ఒక సాయంత్రం సిస్టర్‌కు జ్వరం వచ్చింది. కోడి సంగతి కూడా అడగలేదు. నాకేం చేయాలో తోచక పుస్తకంలోని మరియతల్లి మంగళవార్త జపం ఇటలీ భాషలో చదవడం మొదలుపెట్టాను. సగంలో ఆవిడ అందుకున్నారు. చివరిదాకా ఒక్క మాట తప్పలేదు. తర్వాత నా వేలు పట్టుకుని నిద్రపోయారు. నా బతుకంతా ఇలాంటి మంచాల పక్కనే గడవాలని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. అవునత్తా, నాకు స్వామిని కావాలని ఉంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే ఆ మాట అడిగేసరికి, నేను ఎవరికీ చెప్పనిది నీకెలా తెలిసిందని హడలిపోయాను. అందుకే ఆ ప్రశ్న దాటేసి కోడి కథ రాశాను. సుధ నా కోసం ఎదురుచూస్తోందనుకుని నోరు నొక్కుకున్నాను.

నీ ఉత్తరం చదివి వరండాలో పెద్దగా నవ్వాను. సిస్టర్ ఉలిక్కిపడి, "గుడ్డు పెట్టిందా?" అన్నారు. "పెట్టింది సిస్టర్, పెట్టింది!" అన్నాను. ఇంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. గుండెల మీద నుంచి బండ దిగినట్టుంది.

పెద్దస్వామికి అంతా చెప్పేశాను. నా ఏడాది ముగిసేలోగా, తర్వాత వచ్చేవాళ్ళకు కోడి పాఠం పూర్తిగా నేర్పించి వెళ్ళమన్నారు. మన బిషప్‌గారికి తామే రాస్తానన్నారు. నాన్నకు బిషప్‌గారే చెబుతారు. నోరెత్తడని నువ్వే అన్నావు. సుధతో ఇప్పుడే మాట్లాడాను. అన్న మాదిరి అన్నందుకు థాంక్స్ చెప్పాను, అది ఏడుపు ఆపి నవ్వింది. పెళ్ళి విందులో మాత్రం నాన్న విస్తట్లో మూలుగ ఎముక పడేలా నువ్వే దగ్గరుండి చూసుకో.

నీకు అల్లుడు కాకుండా తప్పించుకున్న
మేనల్లుడు జోజప్ప.

తా.క. మీ మామాకు రోజుకు రెండు గుడ్లని చెప్పు. ఇక్కడా అదే లెక్క నడుస్తోంది. స్వాములయ్యేవాళ్ళు చదివే గురుమఠం మన కడపలోనేనట, ఇటలీ కాదు. కాబట్టి స్వెట్టర్ సిస్టర్‌కే ఉండనీ. ఆ సూట్‌కేసు మాత్రం మళ్ళీ పంపు. తాళం ఎక్కడ గుద్దాలో కూడా రాయి.