నొక్కి కొలిచిన చీజ్

వదినగారికి,

మీరు చెప్పిన మాకరోనీలో తురిమిన చీజ్ రెండు కప్పులన్నారు. తురుము పోస్తే కప్పులో సగం గాలే కదా! ఇంటికొచ్చిన ఆఫీసరుగారికి గాలి పెడతామా? అందుకే బొటనవేలితో కూరి కూరి నింపి, పైన కొసరు కూడా వేశాను.

మొదటి చెంచాకే ఆయన నోరు అంటుకుపోయింది. “సార్, మరి నా ప్రమోషన్ సంగతి...” అని మీ తమ్ముడు సరిగ్గా అప్పుడే అడగాలా? ఆయన గట్టిగా తల ఊపారు. అది సరేననో, చీజ్ తీగ తెంపుకోవడానికో ఇంతవరకూ తేలలేదు. మీ తమ్ముడు నాతో మాటలు మానేశారు.

కప్పుకు ఎన్ని గ్రాములో ఇప్పుడైనా రాయండి. ఆఫీసరుగారిని ఆదివారం మళ్ళీ భోజనానికి పిలిచాం. తప్పకుండా వస్తారట, కాకపోతే భోంచేసి వస్తారట.

మీ మరదలు