అక్కా అని అరిచాను

అక్కా,

నిన్న నాకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం క్షేమం.

నువ్వు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, "నాకు పుట్టిన ఇద్దరూ దక్కలేదు, నా చెయ్యి మంచిది కాదు, లోపలికి రాను" అని వెనక్కి తిరిగావట. బావ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

నొప్పులు ముదిరినప్పుడు "అక్కా" అని అరిచాను. "అందరూ అమ్మా అంటారు, నువ్వేంటమ్మా?" అని నర్సు నవ్వింది. అమ్మ మొహం కూడా నేనెరగనని, నువ్వే పెంచావని ఆవిడకేం తెలుసు?

పిల్లకి ఇంకా మెడ నిలవలేదు. ఎత్తుకోవాలంటే మా ఆయనకీ నాకూ భయం. నువ్వొచ్చి ఎత్తుకో. నీ చేతులే కావాలి. అందరికంటే ముందు నువ్వు పెంచింది నన్ను. నేను దక్కాను కదా.

ఇట్లు,
నీ పెద్దకూతురు