ఊడిన పన్ను సంగతి

తుని,
మాఘమాసం, 1988.

చిరంజీవి చినబాబుకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ నాన్నగారూ గొడ్డూ గోదా అందరం కులాసా. మద్రాసు నీళ్ళు నీకు పడుతున్నాయనీ, హాస్టలు సాంబారుతో ఎలాగో నెట్టుకొస్తున్నావనీ తలుస్తాను.

ఈ ఏడు మామిడి విరగబూసింది. మంచు పాడుచెయ్యకపోతే నీకో బుట్ట పంపిస్తాం. నాన్నగారు మోకాళ్ళ నొప్పులంటూనే తోటంతా తిరుగుతున్నారు. చెబితే వినే మనిషా!

నువ్వడిగినవాటికి జవాబు రాస్తున్నాను. చిగుళ్ళ నుంచి రక్తం రావడం ఆగింది, వాపూ తీసింది. నువ్వు చూపించినట్టే మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా తోముకుంటున్నాను. రాజమండ్రి డాక్టరుగారు పళ్ళ సందుల్లో గారంతా గీకి శుభ్రం చేసి, "ఎముక గట్టిగానే ఉందండి. మీ అబ్బాయిని మళ్ళీ ప్రయత్నించమనండి" అన్నారు. మొన్న జామకాయ కొరికాను. ఎంత సంతోషం వేసిందో!

ఇక అసలు సంగతి. పోయిన వేసవిలో నువ్వు నా దవడ ఎముకలో దింపిన స్క్రూ పన్ను దసరాకల్లా వదులై ఊడిపోయింది. అది నీ చేతి లోపమని కార్తీకంలో రాశావు. ఇప్పుడేమో, చిగుళ్ళ జబ్బున్నవాళ్ళకి ఇక ఆ పళ్ళు పెట్టననీ, నాలాంటి ఒకావిణ్ణి వెనక్కి పంపేశాననీ రాశావు. అది చదివాక ఇంక దాచలేకపోతున్నాను.

నాయనా, లోపం నీ చేతిది కాదు. అడ్డచుట్ట మానేశానని నీకు మాటిచ్చాను చూడు, మానలేదు. నిప్పు నోట్లోపల ఉంటే ఎవరికి కనబడుతుందిలే అని, గొడ్లసావిట్లో పక్కింటి బుల్లెమ్మతో కూర్చుని కాల్చేదాన్ని. కుట్లు విప్పకముందే మళ్ళీ మొదలుపెట్టాను. పన్ను కదులుతోందని నువ్వొచ్చి చూసి, "అంగిట్లో ఇంత ఎరుపేంటమ్మా?" అన్నావు. "వేడి కాఫీ తాగాన్రా" అన్నాను. అమ్మ మాట కదా, నమ్మేశావు. ఎంత సిగ్గుగా ఉందో రాయలేను.

ఆ కార్తీకం ఉత్తరం అందిన పూటే చుట్టల కట్ట పొయ్యిలో పడేశాను. నిజంగా మానగలనో లేదో చూసుకుని రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. "ఏంటే మాణిక్యం, పొయ్యిలో వేసే బదులు నాకివ్వచ్చు కదే!" అని బుల్లెమ్మ ఇప్పటికీ దెప్పుతోంది. నా దగ్గర చుట్ట వాసన పోయేసరికి నాన్నగారైతే "ఎవరో కొత్తావిడ పక్కన కూర్చున్నట్టుందే" అని ఒకటే నవ్వు.

ముందు ఆవిణ్ణి వెనక్కి పిలిపించు. చిగుళ్ళు బాగుచెయ్యి, పొగాకు అలవాటుంటే మానిపించు, ఆ తరవాతే పన్ను సంగతి చూడు. ఎండలు ముదరకముందే నేనూ వస్తున్నాను. ఈసారి మానేశానని నేను చెబితే నమ్మకు. అంగిలి చూసి, వేళ్ళు వాసన చూసి, అప్పుడు మొదలుపెట్టు.

ఇట్లు,
నీ చేతిని నమ్ముకున్న పేషెంటు,
మీ అమ్మ రత్నమాణిక్యం