గుడి ఆవరణలో కాంపోజిట్ పలకలు

పజుండౌంగ్, మంగళవారం రాత్రి

అమ్మవారి గుడి ఆవరణలో, చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన కాంపోజిట్ పలకలు ఈరోజుకి సగం వేశాం. టేకు వద్దని కమిటీలో పట్టుబట్టింది నేనే. ఇదైతే వానకి నల్లబడదు, ఏటా నూనె పట్టించక్కర్లేదు అన్నాను. మధ్యాహ్నం మేనత్త వాటి మీద కాలు పెట్టి ఎగిరి గెంతింది.

"ఏటిరా ఇది? పెనం మీద నడిపిస్తావేటి మమ్మల్ని?"

నేనూ చెప్పులు విప్పి ఎక్కాను, వెంటనే దిగిపోయాను. పక్కనే ఇంకా పీకని పాత టేకు చెక్క మీద మాత్రం కాలు నిలిచింది. దుకాణంలో నమూనా మీద బూట్లతోనే నడిచి చూశాను. గుళ్లోకి ఎవరూ చెప్పులతో రారని ఒక్కసారైనా తట్టలేదు.

నీళ్లు చల్లితే సరిపోతుందేమో. పట్టాలు పరిస్తే... కానీ పండగ ఎండల్లోనే. ఆడవాళ్లు మిట్టమధ్యాహ్నం ఘటాలెత్తుకుని అక్కడే తిరగాలి. అత్త గెంతి తప్పించుకుంది. నెత్తిన ఘటం ఉన్న మనిషి ఎలా గెంతుతుంది?