మూడు వరుసల మొక్కజొన్న

మార్చి 9, ఆదివారం

చిరంజీవి డాక్టర్ గడుగ్గాయికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా, మీ నాన్న మోకాలూ మొండితనమూ తప్ప. నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతాను.

ఆ మధ్య సెమినారులో అంతమంది ముందు మీ నాన్న ప్రయోగాన్ని కడిగేశావు కదా, అప్పటినుంచి ఆయన నీతో మాట్లాడలేదు. ఎరువు మొక్కలోకి ఎంత ఎక్కిందో జాడ తీయడానికి అందులో రేడియోధార్మిక భాస్వరం కలిపి, మొక్కలు పీల్చుకోవడం లేదని తేల్చి, ఆ ఎరువే దండగన్న మనిషి ఆయన. రైతులు వాడటం మానేశారు కూడా. తప్పు ఎరువుది కాదు, మీరు కలిపినదాని ధాటికి వేళ్లే దెబ్బతిన్నాయని కన్నకూతురు అంటే ఊరుకుంటారా? ఆ రోజు ఇల్లు పీకి పందిరేశారు.

తర్వాత పంతానికి పోయి మొక్కజొన్న వేశారు. ఒకే విత్తనం, ఒకే ఎరువు, మూడు వరుసల కుండీలు. మొదటి వరుసలో ఆ భాస్వరం తన పాత మోతాదు, రెండోదాంట్లో నువ్వు చెప్పిన కొసరంత, మూడోదాంట్లో అసలేమీ కలపలేదు. నిన్న నన్ను ల్యాబుకు వెంటబెట్టుకెళ్లి కిటికీ అద్దంలోంచి చూడమన్నారు. మొదటి వరుస మోకాలు దాటలేదు. పీకి ట్రేలో పెట్టిన మొక్కకు వేళ్లు కురచగా ముడుచుకుపోయి ఉన్నాయి. మిగతా రెండు వరుసలూ ఒకదానికొకటి తీసిపోకుండా నడుము దాకా లేచాయి.

రేడియేషన్ కొలిచే మీటరు గట్టిగా చప్పుడు చేస్తే లెక్క బాగా తెలుస్తుందని ఆ రోజుల్లో దండిగా దట్టించారట. ఏమీ కలపని వరుస ఒకటి పక్కన పెట్టి చూడాలని అంత చదివినా తోచలేదు, మట్టిబుర్ర. నీకు తోచింది. రేపు కమిటీ ముందు నీ పేరు చెప్పి, ఆ ఎరువు వద్దన్న తన సిఫార్సు తనే వెనక్కి తీసుకుంటారు.

గర్వంగా ఉంది తల్లీ. ఈ ఇంటి మొండిఘటాన్ని ఓడించింది ఈ ఇంటి పిల్లేనని వీధంతా చెప్పుకోవాలనుంది.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. ఇంత ఎరువుల శాస్త్రం నాకెక్కడిదే? మాట మాటా మీ నాన్న పక్కన కూర్చుని రాయించారు. మట్టిబుర్ర అన్నదీ ఆయనే. పైన డాక్టర్ అని నేను మరిచిపోతే కాగితం మార్పించారు. నా సొంతం ఈ నాలుగు ముక్కలే. ఇవీ రాయనివ్వకుండా, అక్షరాలు పెద్దవి చెయ్యి, దానికి అసలే కళ్లజోడు అని సణుగుతున్నారు.