నీ జీపు స్టీరింగ్

నువ్వుంటే ఒప్పుకోని పని ఒకటి చేశాను. మొన్న నీ ఏడాది మాసికం అయిపోయాక, ఇక జీపు నేనే నడుపుదామని మేడ్చల్‌లో మెకానిక్ యాదగిరి షెడ్డుకు పంపించాను. జీపును ఎత్తు లేపి పెద్ద టైర్లు వేయించావు గాని, స్టీరింగ్ పాతదే ఉంచావు. గుంతలో పడితే చాలు, చేతుల్లోంచి గుంజుకునేది.

"కింద రాడ్డు ఎట్లైనా మార్చాలె వదినా, గప్పుడే గుంజుడు ఆగుతది. గని పాత స్టీరింగే ఉంచితే బరువు గట్లనే ఉంటది. పవర్ స్టీరింగ్ ఏస్తే అల్కగ తిరుగుతది," అన్నాడు యాదగిరి. "అన్న అయితే పాతదే ఉంచుమంటుండె. రోడ్డు చేతులకు తెల్వాలె అంటుండె."

"మీ అన్న మాట ఇన్నది సాలు తియ్యి. ఇగ నడిపేది నేను. పవరే ఎయ్యి," అన్నాను.

ఈరోజు పొద్దున పని పూర్తయింది. యాదగిరి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. శామీర్‌పేట చెరువు దాకా పోయొద్దామని జీపెక్కి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్నాను. యాదగిరి వెళ్లి షెడ్డు గేటు బార్లా తీశాడు. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి, "వదినా, గటుపక్క కూసోవాలె," అన్నాడు.

అప్పుడుగాని తెలియలేదు, పెళ్లయినప్పటి నుంచి కూర్చునే ఎడమ సీట్లోనే కూర్చుని, నువ్వొచ్చి బండి తీస్తావని ఎదురుచూస్తున్నానని.