తాత కంట్లో తమ్ముడు

మార్చి 4
ముందుగా బయాలజీ శాస్త్రానికి, నాకు డిగ్రీ ఇచ్చి చేతులు కాల్చుకున్న కాలేజీకి సాష్టాంగ క్షమాపణలు. నేనింకా ఏ తప్పూ చెయ్యలేదు. అడ్వాన్సుగా పడుంటాయని.

విషయానికొస్తే, తాత ఎడమ కంట్లో నల్లగుడ్డు అంచున తెల్లటి కండ మొలిచింది, చుట్టూ ఎర్ర నరాలు. జావా దీవిలో మా తూబన్ రేవులో ఏ జాలరి కంట్లో చూసినా ఎండకి కట్టిన పొర ఉంటుంది గనక ఎవరూ పట్టించుకోలేదు. నానమ్మ తమలపాకు నీళ్లతో కడుగుతోంది. ఆ నీళ్లు తాగి కండ బలిసింది.

మార్చి 9, సురబాయా, మధ్యాహ్నం
డాక్టర్ ప్రమెస్తి కంట్లో రంగు చుక్క వేసి చూసింది. మామూలు పొర కాదట. కంటి పైపొరకి అరుదుగా వచ్చే క్యాన్సర్‌లా ఉందట. లోపలికి పాకలేదు, ఇప్పుడు తీసేస్తే కన్ను దక్కుతుంది, వదిలేస్తే ముందు కన్ను, తర్వాత మనిషి అంది. ఒంటికన్నుతో వల అల్లొచ్చా అని తాత అడిగాడు.

సాయంత్రం
కొంప మునిగింది. కండని కోసేసి, అంచుల్ని చల్లటి గ్యాసుతో గడ్డకట్టించి, ఖాళీలో పల్చటి పొర అతికిస్తారట. ఏం పొర అన్నాడు తాత. డాక్టరమ్మ నిజాయితీపరురాలు. పురిట్లో బిడ్డ వెనకే వచ్చే మావి మీది పొర అంది.

తాత లేచి చెప్పులేసుకున్నాడు.

మార్చి 10
మాకు మావి అంటే బిడ్డకి తమ్ముడు. కడిగి, కుండలో పెట్టి, గుమ్మం పక్కన పాతి, దీపం పెట్టాలి. ఎవడి తమ్ముణ్ణో తెచ్చి నా కంట్లో పాతుతారా, వాడు అన్న కోసం ఏడిస్తే ఎవడ్రా ఊరుకోబెట్టేది అని తాత గోల. అది ఉత్త కణజాలం తాతా, అన్నాను. నీ కణజాలాన్ని ఈ చేతుల్తోనే పాతాన్రా, వాడికి నీకంటే బుద్ధెక్కువ, ఇంతవరకు ఎదురు మాట్లాడలేదు అన్నాడు.

మార్చి 12
ఆపరేషన్ వీడియో చూపించాను. మంచి కన్ను మూసుకుని చూశాడు.

మార్చి 15
తాత గోలంతా విని డాక్టరమ్మ నవ్వలేదు. వాళ్ల పిల్లల మావి కూడా వాళ్ల గుమ్మం పక్కనే ఉందట. ఈ మావి ఇచ్చిన తల్లి తెలిసే ఇచ్చింది, ఒకరి కన్ను నిలబడుతుందంటే తమ్ముడు మాత్రం కాదంటాడా పెద్దాయనా అంది. తాత గడ్డం గోక్కున్నాడు. సరే, మా గుమ్మం దగ్గర వాడికి దీపం పెట్టాల్సిందే అన్నాడు. అందరూ నావైపు చూశారు. సైన్సు పట్టభద్రుణ్ణి, చచ్చినా పెట్టనని ప్రకటించాను. నిన్నెవడు బతిమాలాడు, నేనే పెట్టుకుంటా పో అన్నాడు.

మార్చి 19
కోశారు.

ఏప్రిల్ 2
ల్యాబ్ రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. అంచులు మాత్రం శుభ్రం. మళ్లీ రాకుండా కొన్ని వారాలు మందు చుక్కలు. కంట్లో కారం కొట్టినట్టుందని తాత బూతులు. చుక్కలు వేసేది నేను గనక అన్నీ నాకే. పొగ తగలకూడదు, నూనె దీపం దరిదాపులకి పోవద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. పొద్దున్నే అద్దం ముందు కంటితో మాట్లాడుతున్నాడు: ఏరా, నిద్రపట్టిందా?

ఏప్రిల్ 20
గుమ్మం దగ్గర దీపం రోజూ వెలుగుతోంది. మా ముసల్దానిది ఎంత మంచి మనసో అని తాత మురిసిపోతున్నాడు. డాక్టరు వద్దన్నా ఈ ముసలాడు వినడని నానమ్మ తిడుతోంది.

మే 6
కన్ను తేటగా ఉంది. కండ మళ్లీ మొలవలేదట. తాత వల అల్లుతున్నాడు. బయట వాన.

మార్చి 4 నాటి క్షమాపణ ఇప్పుడు వాడుకుంటున్నాను. దీపం పెట్టేది నేనే.